మస్తాను రాయి, పుల్లయ్య రాయి

తెనాలిలో పరుపుల సైదావలి తెలియనివాళ్లు తక్కువ. తెలిసినవాళ్లందరూ అతని గురించి చెప్పే మాట ఒకటే: మనిషి బంగారం, బుర్ర మాత్రం గందరగోళం. ఒకరి దిండుకు ఇంకొకరి గలీబు తొడుగుతాడు. పెళ్లివారి మంచం కొలతలు పక్క వీధి ముసలాయన పరుపుకు వాడి, ముసలాయన కొలతలతో పెళ్లివారికి కుట్టి పంపిన ఘనుడు. కొడుకు ఇమ్తియాజ్ మిషను దగ్గర కూర్చున్నాక కొట్లో తప్పులు తగ్గాయి. తండ్రిని మాత్రం బూరుగు దూదిలో గింజలు ఏరడానికి, వచ్చినవాళ్లతో కబుర్లాడటానికి కూర్చోబెట్టాడు. ఆ ఉద్యోగం సైదావలికి బాగా కుదిరింది.

వాళ్లు నూర్‌బాషాలు. దూది ఏకడం తాతముత్తాతల పని. నమాజు అరబ్బీలో చదువుతారు, పోట్లాట మాత్రం అచ్చ తెలుగులో పడతారు. ఇంట్లో అక్కా బావా పిన్నీ బాబాయీ తప్ప వేరే వరసలు వినపడవు. ఉర్దూ మాట్లాడే చుట్టాలు పెళ్లిళ్లలో ఎదురైతే సైదావలి నవ్వుతూ తల ఊపుతాడు, అర్థమైనా కాకపోయినా.

అన్నింట్లో తడబడే ఈ మనిషికి ఒక్క సంగతి మాత్రం ఖాయంగా తెలుసు. రేపల్లె దాటి సముద్రం వైపు వెళ్తుంటే ఒక ఊరి చివర, కాలవ గట్టు మీద, రెండు పాత రాళ్లు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద మస్తాను అనీ, రెండోదాని మీద పుల్లయ్య అనీ చెక్కి ఉంటుంది. అందులో మస్తాను రాయి తమది. దాని కింద ఉన్నది తన తాతకు తాత.

ఆ కథ ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. నూటయాభై ఏళ్ల పైమాట. ఆ పెద్దాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. పెద్ద ఉప్పెన వచ్చిన రోజున ఆ ఊళ్లో ఒక రైతు ఇంట్లో పనిలో ఉన్నాడు. నీళ్లు మీదికొస్తుంటే రైతూ ఆయనా కలిసి ఇంట్లో ఆడవాళ్లనీ పిల్లల్నీ గడ్డివాము మీదికి ఎక్కించారు. వాము తేలింది. ఎక్కినవాళ్లు బతికారు, ఎక్కించిన ఇద్దరూ కొట్టుకుపోయారు. నీళ్లు తీశాక రెండు శవాలూ గట్టున దొరికాయి. రైతును దహనం చేద్దామంటే ఊరు ఊరంతటిలో ఎండు పుల్ల ఒక్కటి లేదు. ఇద్దరినీ అక్కడే పూడ్చారు. కొన్నేళ్లకు ఊరివాళ్లే రాళ్లు నిలబెట్టి పేర్లు చెక్కించారు.

దూదేకుల ఆయన భార్య చంటిబిడ్డను చంకనేసుకుని తెనాలి చేరింది. కట్టుకున్నవాడి పేరు పలకడం ఆ రోజుల్లో ఆడవాళ్లకు లేదు. బతికినన్నాళ్లూ 'ఆయన' అనే చెప్పుకుంది. ఆమె తర్వాత వచ్చిన కోడళ్లు 'పెద్దాయన' అన్నారు. అలా కథంతా కిందికి దిగింది, పేరు తప్ప. సైదావలి తండ్రి సైదులు సాహెబు పరుపులు అమ్ముకుంటూ ఒకసారి అటు వెళ్లి, గట్టు మీద రెండు రాళ్లు చూసి, మస్తాను అన్న అక్షరాలు చదివి అక్కడికక్కడే కూలబడి ఏడ్చాడట. మర్నాడే పచ్చ గుడ్డ తెచ్చి కప్పాడు. పుల్లయ్య అన్నాయన రైతు, మస్తాను అన్నాయన మనవాడు. మీరైనా నేనైనా అక్కడ నిలబడితే అలాగే అనుకునేవాళ్లం.

సైదావలి అక్క అబీదా రేపల్లెకు కోడలిగా వెళ్లింది మొదలు ఆ రాయికి ఆవిడే దిక్కైంది. బిడ్డకు జ్వరం వస్తే అక్కడ కూర్చుంది. మొగుడు తాగి వస్తే అక్కడికే వెళ్లి చెప్పుకుంది. మొగుడు పోయాక కూడా అక్కడికే వెళ్లి, ఉన్నప్పుడు తిట్టినందుకు ఏడ్చింది. గురువారం వచ్చిందంటే అగరొత్తులు, అటుకులు, ఒక చెంబు నీళ్లు. ఇప్పుడు ఆవిడకు గుండె బలహీనం. మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. గట్టు ఎక్కొద్దని ఆయన ప్రత్యేకంగా చెప్పలేదు కాబట్టి ఆవిడ మానలేదు.

ఆ అబీదా ఒక పొద్దున ఫోను చేసింది.

"ఒరే సైదా, రోడ్డు వెడల్పు చేత్తన్నారంట. గట్టు సగం పోద్దంట. సోమారం మిషను వచ్చుద్ది, రాళ్లు ఎవరివాళ్లు తీసుకుపొమ్మని చెప్పిపోయారు."

"అయ్యో! మరెట్టాగక్కా?"

"ఎట్టాగేంటి? తాతని తెనాలి తీసుకుపో. అమ్మా నాన్నల పక్కన పెట్టు. రేపు నన్ను కూడా ఆయన కాళ్ల దగ్గరే పెట్టండి. నేనడిగేది ఇదొక్కటే. ఇంతవరకూ నిన్నేదన్నా అడిగానంట్రా?"

చాలానే అడిగింది. అయినా సైదావలి కాదనలేదు. అట్టాగే అక్కా అన్నాడు. మసీదుకు వెళ్లి హజరత్ గారిని అడిగితే, ఇన్నేళ్లకు ఎముకలు ఎక్కడుంటాయయ్యా, అక్కడి మట్టి ఇంత తెచ్చి మన ఖబరస్థాన్‌లో పెట్టుకో, పోయినవాళ్ల కోసం చదివే ఫాతెహా నేను చదువుతాను అన్నారు. సైదావలి ఊపిరి పీల్చుకున్నాడు. కొత్త తెల్ల గుడ్డతో స్వయంగా సంచి కుట్టాడు. కొలత తప్పే వీలు లేని పని కాబట్టి అది బాగానే కుదిరింది.

ఒక్క చిక్కు మిగిలింది. రోడ్డు పనివాళ్లు, ఏ రాయి ఎవరిదో రెండు కుటుంబాలూ కలిసి వచ్చి చెప్పాలన్నారు. పుల్లయ్య రాయి తాలూకు వాళ్లు బాపట్లలో ఉంటారు. కార్తీక మాసంలో ఒకసారి కారులో వచ్చి, రాయికి బొట్టు పెట్టి, దీపం వెలిగించి వెళ్తారు. వాళ్ల ఫోను నంబరు అబీదా దగ్గర ఉంది. శనివారం పొద్దున సైదావలి బాపట్ల రైలెక్కాడు.

ఆ ఇంటి పెద్ద అచ్యుతరామయ్య రిటైరైన మాస్టారు. భార్య హైమావతి. చిన్న ఇల్లు, వెనక పెద్ద పెరడు. సైదావలి చెప్పులు బయట విడిచి లోపలికి రాగానే ఆవిడ పెసరట్టు తెచ్చి పెట్టింది. మాస్టారు ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలో, ఎవరు ఎక్కడ కలవాలో వివరంగా చెబుతున్నారు. సైదావలి తింటూ గోడ మీది ఫొటోలు చూస్తున్నాడు. వాటిలో దండ వేసి ఉన్న ఒక ఫొటో కింద పేరు చదివి నమలడం ఆపాడు.

"మాస్టారూ, ఈయనెవరండి?"

"మా అన్నయ్యండి. పోయి చాలా ఏళ్లయింది."

"మస్తానరావు అని ఉందేంటండి?"

"మస్తానరావేనండి. మా తాత పేరు. తాతకేమో వాళ్ల తాత పేరు. పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం మా ఇంట్లో ఆనవాయితీ. మా పెద్దలెవరో దర్గాకి మొక్కుకుని ఉంటారు. మనవైపు హిందువుల్లో మస్తాన్లు, నాగుల్‌మీరాలు లేరేంటండీ?"

"ఎందుకు లేరండీ, బోలెడుమంది" అన్నాడు సైదావలి మర్యాదగా. "మాకూ ఆ ఆనవాయితీ ఉందండి. మా అన్నకి మా తాత పేరే పెట్టారు."

"ఏం పేరండి?" అని అడిగింది హైమావతి, రెండో అట్టు వడ్డిస్తూ.

"పుల్లా సాహెబండి. మా తాతకి కూడా వాళ్ల తాత పేరే పెట్టుంటారు..."

అన్నాక అతనికి తను ఏమన్నాడో వినపడింది. మాస్టారికీ వినపడినట్టుంది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సైదావలి వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు: అన్న, తాత, తాతకు తాత. పుల్లా, పుల్లా, మరి ఆ పైన? మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. రెండోసారి కూడా వేలు పుల్లయ్య దగ్గరే ఆగింది.

"తొందరపడకండి" అన్నారు మాస్టారు, తొందర తనదే అయినా. "పుల్లయ్య అని సాయిబుల్లో పెట్టుకుంటారా?"

"మావాళ్లల్లో ఉండేదండి. పుల్లయ్య, నాగయ్య, కోటయ్య, అన్నీ ఉండేయి. సాహెబు అని తర్వాత తగిలించారు."

"మరి ఇన్నేళ్లూ మీకు తట్టలేదా?"

"మీకు తట్టిందాండి?"

మాస్టారు అన్నగారి ఫొటో వైపు తిరిగారు. హైమావతి మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎలా తడుతుందండీ?" అంది. "మా అత్తగారు మా బావగారిని ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. కన్నకొడుకే, కానీ అది ఆవిడ మామగారి పేరు కదా, నోట రాకూడదు. 'పెద్దబ్బాయ్' అనేవారు. ఊళ్లో అందరూ అదే అన్నారు. నేను ఈ ఇంటికొచ్చాక చాన్నాళ్లకు పెళ్లి శుభలేఖ మీద చూశాను ఆయన పేరు మస్తానరావని."

సైదావలికి తన ఇల్లు గుర్తొచ్చింది. తన తల్లీ అంతే. అన్నను 'పెద్దోడా' అనేది. పుల్లా అన్న మాట ఆ తల్లి నోట ఎన్నడూ రాలేదు. పేరు ఇంట్లోనే ఉంది, తరం వదిలి తరం మనిషి మీదకు వచ్చి కూర్చుంటూనే ఉంది, పిలిచేవాళ్లే లేరు. తెనాలి ఇంట్లో ఆడవాళ్లు భక్తిగా మింగేసిన పేరు పుల్లయ్య. బాపట్ల ఇంట్లో మింగేసిన పేరు మస్తాను. ఇంకేముంది, రాళ్ల దగ్గరకు వచ్చిన మగవాళ్లు పేరు చూసి మతం తేల్చుకున్నారు.

"మా నాన్న మొదటిసారి వెళ్లేసరికే ఒక రాయి మీద పచ్చ గుడ్డ ఉందట" అన్నారు మాస్టారు మెల్లగా. "అది సాయిబులది కాబట్టి రెండోది మనది అనుకుని బొట్టు పెట్టి వచ్చాడు."

పచ్చ గుడ్డ కప్పింది తన తండ్రి. సైదావలికి తినబుద్ధి కాలేదు. పెసరట్టు అలాగే వదిలేశాడు. హైమావతి కూడా బలవంతపెట్టలేదు.

తిరుగు రైల్లో అతని బుర్ర ముందుకు ఒక స్టేషను, వెనక్కి రెండు స్టేషన్లు నడిచింది. పేర్లు కాకతాళీయం అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. అక్కకు చెప్పకుండా మస్తాను మట్టే తెనాలి తెస్తే? రేపు అక్కను పెట్టాల్సింది ఆయన కాళ్ల దగ్గర. రక్తసంబంధం లేని ఎవరో రైతు కాళ్ల దగ్గర తన అక్క కలకాలం పడుకోవాలా? పోనీ చెబితే? ఇన్నేళ్లు కడుపులో మాట చెప్పుకున్నది ఎవరికో అని తెలిస్తే ఆ బలహీనపు గుండె ఏమవుతుంది? పేరు పెట్టి పిలవని తల్లిమీద కోపం వచ్చింది. తొందరపడి ఏడ్చిన తండ్రిమీద ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఇద్దరూ పోయినవాళ్లు, ఎవరితో పోట్లాడగలడు? ఇంటికొచ్చి ఇమ్తియాజ్‌తో చెబితే వాడు కొట్లో దూది దులుపుకుంటూ "అక్కడున్నది మట్టే కదా నాన్నా" అన్నాడు. సైదావలి వాడితో మాట్లాడటం మానేశాడు, ఆ పూటకు.

ఆదివారం పొద్దున సైదావలీ, బాపట్ల దంపతులూ గట్టు మీద కలిశారు. అబీదా ఇంకా రాలేదు. గట్టు కింద గుడిసెలో ఉండే కొండమ్మ ఊరందరికన్నా పెద్దది. ఆవిణ్ణి అడిగితే తేలిపోతుందని మాస్టారు అన్నారు. తేలితే చాలని సైదావలి ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడ్డాడు.

"మామ్మా, ఉప్పెనలో పోయిన దూదేకుల ఆయన పేరు పుల్లయ్యేనా?" అని గట్టిగా అడిగాడు.

"అవునయ్యా, పుల్లయ్యే. మా నాయనమ్మ చెప్పేది."

మాస్టారు ముందుకు వంగి అడిగారు. "మామ్మగారూ, పుల్లయ్య అంటే రైతేమో కదా?"

"అవునయ్యా, రైతే. పుల్లయ్య మంచి రైతు."

"మరి మస్తాను?"

"ఆయనా రైతే."

"ఇద్దరూ రైతులైతే దూది ఏకిందెవరు మామ్మా?" అన్నాడు సైదావలి, ఏడుపు మొహంతో.

"ఎవరో ఒకరు ఏకుంటార్లే నాయనా, దూది దానంతటది ఏక్కోదుగా" అంది కొండమ్మ. ఇంత తేలికైన సంగతి కోసం అంతమంది రావాలా అన్నట్టు చూసి లోపలికి పోయింది.

ఆటోలో అబీదా దిగింది. చేతిలో అటుకుల పొట్లం, అగరొత్తులు. ఎక్కొద్దన్నా వినకుండా ఆయాసపడుతూ గట్టెక్కి, అలవాటుగా మస్తాను రాయి దగ్గర కూర్చుని, కొంగుతో దాని మీది దుమ్ము తుడిచింది. చెప్పాలా వద్దా అని రాత్రంతా కొట్టుకున్న సైదావలి, అక్క తుడవడం చూడగానే ఉండబట్టలేక మొత్తం కక్కేశాడు. అన్న పేరు, తాత పేరు, బాపట్ల ఫొటో, అమ్మ పలకని పలుకు, అన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చెప్పాడు. మధ్యలో రెండుసార్లు పుల్లయ్యను మస్తాను అన్నాడు. హైమావతి పక్కన కూర్చుని సరిచేసింది.

అబీదా ముందు నమ్మలేదు. "ఎవడ్రా నీకు చెప్పింది? పరుపు కొలతలు తెలీవు, నువ్వు తాతల్ని కొలుస్తావా?" అని లేచింది. తర్వాత అన్నను తలుచుకుంది. పెద్దోడు, పుల్లా సాహెబు. నిఖా రోజున హజరత్ ఆ పేరు చదివితే పెళ్లికూతురివాళ్లు ఎవరా అని వెతికారు. ఆ సంగతి గుర్తొచ్చి ఆవిడ తిట్టడం ఆపింది. పక్క రాయి వైపు తలతిప్పి చాలాసేపు చూసింది.

"అయితే ఆయనకి ఇన్నేళ్లూ ఒక్క ఫాతెహా లేదా?" అంది చివరికి.

"దీపం పెట్టామండీ" అంది హైమావతి, చిన్న గొంతుతో. "ఏడాదికి ఒక్కసారే అనుకోండి. చీకట్లో ఉంచలేదు."

అబీదా ఆవిడ చెయ్యి పట్టుకుంది. సైదావలి తన మనసులో ఉన్నది చెప్పాడు. నీ ఇష్టం అక్కా, నీకు మస్తాను తాతే కావాలంటే ఆయన్నే తీసుకెళ్తాను, పేర్లు ఎవరు చూడొచ్చారు, నువ్వు పిలిచింది ఆయన్ని కదా అన్నాడు. మాస్టారు ఒక అడుగు ముందుకు వేశారు. ఆయన తాతకు తాత మీద మాట నడుస్తోంది, ఆయనకూ మనసు ఉంటుంది.

అబీదా మాస్టారి వైపు తిరిగింది. "మీరెక్కడ పెడతారయ్యా?"

"మా పెరట్లోనండి. ఉసిరి చెట్టు కింద చిన్న గట్టు కట్టించాం."

"పెరట్లోనా? ఆడోళ్లు పోవచ్చా అక్కడికి?"

హైమావతికి ప్రశ్న అర్థం కాలేదు. "నేను రోజూ బట్టలారేసేది అక్కడేనండి" అంది.

అప్పుడు సైదావలి తలలో దీపం వెలిగింది, వెలిగి కాలింది. తమవైపు ఆడవాళ్లు ఖబరస్థాన్ లోపలికి రారు. అమ్మానాన్నల సమాధుల దగ్గరకు కూడా అక్క ఎన్నడూ వెళ్లలేదు, గేటు బయట ఆటోలో కూర్చుని దువా చేసుకునేది. ఊరి బయట ఎవరికీ పట్టని కాలవ గట్టు కాబట్టే ఇన్నేళ్లు ఒక సమాధి పక్కన కూర్చోగలిగింది. తాతను తెనాలి తెస్తానని గొప్పగా సంచి కుట్టాడు కానీ, ఆ సంచిలో వేసి అక్క దగ్గర్నుంచి తాతను తీసుకుపోతున్నానని అతనికి తట్టనే లేదు.

"నీకు తెలుసా అక్కా?"

"తెలీకపోవడమేంట్రా? తెనాలి పోతే మళ్లీ ఆయన్ని చూసేది నేను చచ్చాకేనని తెలిసే పంపుతున్నా. మిషను కింద పడేకంటే మేలుగా." అబీదా మళ్లీ హైమావతి వైపు తిరిగింది. ఆ వయసులో, అంతమంది పిల్లల్నీ మనవల్నీ అదలించిన మనిషి, ఇంకొకరి పెరట్లోకి రానివ్వమని అడగడానికి మొహమాటపడింది. "చెల్లెమ్మా, నేను... ఎప్పుడన్నా వస్తే?"

"అదేం మాటండీ అక్కయ్యగారూ! గురువారం గురువారం రండి. భోజనం చేసి వెళ్దురుగాని."

"అయితే తీసుకుపోండి. మీ తాత. మీకే ఇస్తన్నా" అంది అబీదా. అనేసి రాయి మీద చెంప ఆనించి ఏడ్చింది. అది పోగొట్టుకున్న ఏడుపో దొరికిన ఏడుపో సైదావలికి అర్థం కాలేదు. అబీదాకైనా అర్థమైందని చెప్పలేం.

మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి, బడి పిల్లాడిలా అడిగారు. "అక్కయ్యగారూ, ఆయనకి మీరేం పెట్టేవారండి?"

"అటుకులు. బెల్లం కలిపి. ఆయనకి చాలా ఇష్టం."

"ఇష్టమని ఎలా తెలుసండి?"

"నాకిష్టం కాబట్టి" అంది అబీదా కళ్లు తుడుచుకుంటూ.

మధ్యాహ్నానికి తవ్వకం అయింది. ఎముక ముక్క కూడా దొరకలేదు, రెండు చోట్లా ఒకే నల్ల బంకమట్టి. మస్తాను మట్టి మాస్టారి ఇత్తడి బిందెలోకి వెళ్లింది. హైమావతి దానికి పసుపు గుడ్డ కట్టబోయి, అబీదా వైపు చూసి ఆగి, రాయి మీద ఉన్న పచ్చ గుడ్డే తీసి కట్టింది. మాస్టారు బిందె కదలకుండా పట్టుకున్నారు. పుల్లయ్య మట్టి సైదావలి సంచిలోకి వచ్చింది. రాళ్లు మర్నాడు మిషను రాకముందే ట్రాలీ ఆటోల్లో ఎవరివాళ్లు తీసుకెళ్లేట్టు మాట్లాడుకున్నారు.

కారు కదిలేముందు అబీదా తమ్ముణ్ణి పక్కకు పిలిచింది. "నన్ను మాత్రం పుల్లయ్య తాత దగ్గరే పెట్టు. ఆయన్ని మనవాళ్లెవరూ ఒక్కసారి కూడా పలకరించలేదు. నేను పోయి నెమ్మదిగా చెప్పుకుంటా. బతికున్నన్నాళ్లూ బాపట్ల, తర్వాత ఆయన దగ్గర. అర్థమైందా, మళ్లీ తికమక పడతావా?"

"అర్థమైందక్కా" అన్నాడు. సగమే అర్థమైంది.

సాయంత్రం రేపల్లె నుంచి తెనాలి బండెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు. మట్టి తడి ఇంకా ఆరలేదు, పంచె చల్లగా తగులుతోంది. భట్టిప్రోలు దాటాక, పెద్దాయన్ని ఊరికే ఒళ్లో కూర్చోబెట్టుకుని మాట్లాడకపోతే ఏం బాగుంటుంది అనిపించింది. మస్తాను తాతతో అయితే మాటలు వాటంతటవే వచ్చేవి. ఈయనతో ఎక్కడ మొదలుపెట్టాలి? నీ మనవడికి మనవణ్ణి అనాలా? పరుపుల సైదావలి అంటే ఈయనకేం తెలుస్తుంది? నీ పని నేనూ చేస్తున్నాను, విల్లు లేదు, మిషనుంది అనాలా? ముందు సలాం చెప్పాలని గుర్తొచ్చి చెప్పాడు. ఆ తర్వాత ఒక్క మాటా దొరకలేదు.

వేమూరులో జనం ఎక్కారు. పక్కన కూర్చున్నామె చంటిబిడ్డను ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకుంది. సైదావలి సంచిని గుండెకు దగ్గరగా జరుపుకుని తల వంచాడు.

"తాతా" అన్నాడు, ఎవరికీ వినపడకుండా. "మేం ఎప్పుడూ వచ్చేవాళ్లం. నాన్నా, అన్నా, అక్కా, నేనూ, పిల్లలూ అందరం వచ్చేవాళ్లం. నీ పక్కనే కూర్చునేవాళ్లం. కాకపోతే అటు తిరిగి కూర్చునేవాళ్లం. నీ వైపు అందరివీ వీపులే ఉండేయి."

ఆ మాట అన్నాక అతనికి ఏడుపు ఆగలేదు.